అమ్మ భుజం, నా మెడ, మధ్యలో ఓ సూది

రాత్రి పది దాటితే మా ఇంట్లో ఒకటే వాసన. అమృతాంజనం. అమ్మ కుడి భుజానికి నేను రాస్తాను, నా మెడకి అమ్మ రాస్తుంది. మాది ఆత్రేయపురం. పగలంతా వీధిలో నెయ్యి వాసన, బెల్లం వాసన. రాత్రయ్యేసరికి మా ఇల్లు మాత్రం మందుల షాపే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వయసు ఇరవై ఎనిమిది. కరోనా టైంలో హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని ఇంటికొచ్చాను. తర్వాత కూడా నెలకోసారి ఆఫీసులో మొహం చూపిస్తే చాలన్నారు. అంతే, ఇక్కడే ఉండిపోయాను. అమ్మ పాత కుట్టుమిషనే నా ఆఫీసు. మూత మూసి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే డ్యూటీ ఎక్కినట్టే.

అమ్మ ఆఫీసు పెరట్లో. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన నీళ్ళలా పల్చగా కలిపిన బియ్యప్పిండి. గుడ్డని పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. క్షణాల్లో కాగితం కన్నా పల్చటి రేకు. దాన్ని తీసి పక్కన పెట్టేలోపే ఇంకోసారి గుడ్డ పిండిలో ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది. ఊరి పేరు పెట్టెల మీద ఎక్కి దేశమంతా తిరుగుతోంది. ఆ పెట్టెలో ఉన్న ప్రతి రేకు వెనకా ఎవరో ఒకావిడ కుడిచెయ్యి ఉందన్న సంగతి నాక్కూడా ఆ రోజు వరకూ తట్టలేదు.

ఆ రోజంటే, కిందటి దసరాకి ముందు ఓ పొద్దున.

"ఒరేయ్ నాన్నా, ఈ జుట్టు కాస్త ముడేసి పెట్టరా" అంది అమ్మ.

నేను నవ్వాను. తర్వాత చూస్తే, కుడిచెయ్యి చెవి దాకా కూడా లేవట్లేదు. ఎన్నాళ్ళ నుంచి అంటే "నరం పట్టేసిందిరా, అదే పోద్ది" అంది. అప్పటికే నా మెడ ఎడమవైపు తిరగడం మానేసి వారం. ఎవరైనా పిలిస్తే మనిషిని మొత్తం తిప్పి చూస్తున్నాను. ఇద్దరికీ నొప్పి దాదాపు ఒకటే చోట. అందుకని జబ్బు కూడా ఒకటే అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే. దాని ఖరీదు మూడు నెలలు.

నరం కాదండీ, కండరం

మన వైపు ఎక్కడ పట్టేసినా "నరం" అనేస్తాం. మెడ నరం, నడుం నరం, పిక్క నరం. నిజానికి ఇలా పట్టేసేవాటిలో చాలావరకు కండరాలే. నరం నొక్కుకుంటే ఆ నొప్పి తీరు వేరు. కరెంటు షాక్‌లా మెడ నుంచి వేళ్ళ దాకా, లేదా నడుం నుంచి పాదం దాకా జువ్వుమని పాకుతుంది. తిమ్మిరి ఉంటుంది, పట్టు తగ్గుతుంది. కండరం నొప్పి అలా కాదు. బరువుగా, లాగుతున్నట్టు ఉంటుంది. వేలితో నొక్కితే "ఆఁ, అక్కడే" అని చెప్పగలం.

కండరం ఎందుకు నొప్పెడుతుంది? జిమ్‌కి వెళ్ళే ఫ్రెండ్‌ని అడిగితే "లాక్టిక్ యాసిడ్ రా" అంటాడు. చాలామంది అలాగే అనుకుంటారు గానీ, అది తప్పు. వ్యాయామంలో పుట్టిన లాక్టేట్ గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తగ్గిపోతుంది. అలవాటు లేని పని చేస్తే నొప్పి తెలిసేది మర్నాడు, ఆ మర్నాడు. ముఖ్యంగా బరువుని దించేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు కండరం సాగుతూ పనిచేస్తుంది. అప్పుడు దాని సన్నటి పోగుల్లో చిన్న చిన్న చిరుగులు పడతాయి. వాటిని బాగు చేసుకోవడానికి ఒళ్ళు చేసే మరమ్మతు పనిలోనే వాపు, నొప్పి. ఒకటి నుంచి మూడు రోజుల్లో పెరిగి, వారంలోపు తనంతట తనే పోతుంది. సంక్రాంతికి ఊరొచ్చి ఒక్కరోజు కబడ్డీ ఆడి మూడు రోజులు కుంటే బ్యాచ్ అంతా ఈ లెక్కలోకే వస్తారు.

మరి కుర్చీలోంచి కదలని నాకెందుకు వచ్చినట్టు? కదలకపోవడమే కారణం.

కండరం ఒక పంపు లాంటిది. బిగుసుకుని వదులవుతూ ఉంటే రక్తం వచ్చిపోతూ ఉంటుంది. బిగిసి అలాగే ఉండిపోతే లోపలి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ప్రాణవాయువు సరిగా అందదు, చెత్త బయటికి పోదు. మనిషి తల బరువు సుమారు 5 కేజీలు. నిటారుగా ఉన్నంతసేపూ వెన్నెముకే మోస్తుంది. వంచితే ఆ భారం మెడ కండరాల మీద పడుతుంది. కెన్నెత్ హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ సర్జన్ 2014లో దీన్ని ఓ నమూనా మీద లెక్క కట్టారు. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం దాదాపు 27 కేజీలని తేలింది. అంటే పాతిక కేజీల బియ్యం బస్తా కంటే ఓ రెండు కేజీలు ఎక్కువే. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని రీల్స్ చూస్తున్నప్పుడు మన తల ఇంచుమించు అంతే వంగుతుంది.

ఇలా రోజూ బిగుసుకుపోయిన కండరంలో అక్కడక్కడ గట్టి ముడులు తేలతాయి. వీటికి ట్రిగ్గర్ పాయింట్లని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది జానెట్ ట్రావెల్ అనే అమెరికన్ డాక్టరమ్మ. అధ్యక్షుడు కెన్నెడీకి నడుం నొప్పి చూసిందీ, వైట్‌హౌస్ డాక్టర్ అయిందీ ఆవిడే. డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో ఈ ముడుల మీద పెద్ద పుస్తకం రాశారు. వీటి తమాషా ఏంటంటే, ముడి ఒకచోట, నొప్పి ఇంకోచోట. భుజం పైన ఉండే ట్రాపీజియస్ కండరంలో ముడి ఉంటే కణత దగ్గర తలనొప్పి రావచ్చు. ఈ ముడి లోపల కచ్చితంగా ఏం జరుగుతుందన్న దాని మీద డాక్టర్ల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. కానీ నొక్కితే ప్రాణం లేచొచ్చే చోటు ఒకటుంటుందని నా మెడ మాత్రం ఏ వాదనా లేకుండా ఒప్పుకుంది.

కండరాల నొప్పికి ఇంకా బోలెడు దారులున్నాయి. విటమిన్ డి తక్కువైనా, థైరాయిడ్ మందగించినా ఒళ్ళంతా సలుపుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు కొందరికి కండరాల నొప్పి తెస్తాయి. డెంగీ, చికున్‌గున్యాల సంగతి మనకి చెప్పక్కర్లేదు. డెల్టాలో ఉండేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. బురదనీళ్ళలో పనిచేసిన మనిషికి జ్వరంతో పాటు పిక్కలు విపరీతంగా నొప్పెడితే అది లెప్టోస్పైరోసిస్ కావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వస్తుంది. దానికి కావాల్సింది బామ్ కాదు, యాంటీబయాటిక్.

వాట్సాప్‌లో వచ్చిన సూది

ఇవన్నీ నేను తర్వాత చదివినవి. అప్పటికి నాకు తెలిసింది బామ్ ఒక్కటే. అన్నట్టు, అమృతాంజనం మనవాడిదే. కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలెట్టారు. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిచింది. బామ్ కండరం లోపలికి వెళ్ళి ఏదో విప్పేస్తుందనుకుంటాం. అసలు సంగతి వేరు. మెంథాల్, కర్పూరం లాంటివి చర్మం మీద చల్లదనం, మంట పుట్టిస్తాయి. ఆ కబురు ముందు వెళ్ళి, వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకి అడ్డం పడుతుంది. దెబ్బ తగిలిన చోట గబగబా రుద్దుకుంటాం చూడండి, అదే సూత్రం. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో దీన్నే గేట్ కంట్రోల్ సిద్ధాంతంగా చెప్పారు.

అలా బామ్‌తో బండి నడుస్తుండగా ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫార్వర్డ్ వచ్చింది. పక్క టౌన్లో ఫంక్షన్ హాల్లో ఆక్యుపంక్చర్ క్యాంపు. మెడ, నడుం, మోకాళ్ళు, షుగర్, బీపీ, థైరాయిడ్, సంతానం లేకపోవడం, అన్నిటికీ సూదే. ఇంజినీరింగ్ చదివినోడికి ఆ లిస్టు చూడగానే అనుమానం రావాలి. మెడ నొప్పి అనుమానాన్ని కూడా పట్టేసింది. పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకున్నాను. ఇద్దరికీ.

అక్కడ అడిగిన ప్రశ్న ఒకటే. "ఎక్కడ నొప్పి?"

సూదంటే ఇంజక్షన్ ఊహించుకుని చెమటలు పట్టాయి నాకు. తీరా చూస్తే వెంట్రుక కన్నా కాస్త లావు అంతే. లోపల బొర్ర ఉండదు, మందు ఉండదు. దిగేటప్పుడు చీమ కుట్టినట్టు అనిపించింది. తర్వాత కొంచెం తిప్పారు. అప్పుడు లోపల బరువుగా, గుంజినట్టు ఓ వింత నొప్పి. చైనా వాళ్ళు దీన్ని 'దచీ' అంటారు. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోమన్నారు. ఫోన్ లేకుండా, కళ్ళు మూసుకుని నేను ఇరవై నిమిషాలు ఉండటం కూడా ఎన్నేళ్ళకో అదే మొదటిసారి.

నాలుగో సిట్టింగుకి నా మెడ తిరిగింది. ఎడమవైపు కూర్చున్న అమ్మని మెడ తిప్పి చూశాను. మహా సంతోషం.

అమ్మకి ఆ రోజు, మర్నాడు కాస్త తేలిగ్గా ఉండేది. మూడోరోజుకి మళ్ళీ మామూలే. రాత్రిళ్ళు ఆ వైపు పడుకోలేకపోయేది. "ఇంకో పది సిట్టింగులు పడతాయి" అన్నారు వాళ్ళు. అమ్మ వద్దంది. నేనే బలవంతం చేశాను. "నాకు పనిచేసింది కదమ్మా, నీకూ పనిచేస్తుంది" అన్నాను. ఒక సర్వర్‌లో పోయిన బగ్‌కి వేసిన మందు తీసుకెళ్ళి ఇంకో సర్వర్‌కి వేస్తే మా టీమ్ లీడ్ నన్ను ఏం చేస్తారో నాకు తెలుసు. ఇంట్లో మాత్రం అదే చేశాను.

ఇంతకీ సూది పనిచేస్తుందా?

సూది వైద్యం చైనాలో రెండు వేల ఏళ్ళ పైనాటిది. ఒంట్లో 'చీ' అనే శక్తి కొన్ని దారుల్లో పారుతుందనీ, అది ఆగినచోట నొప్పి పుడుతుందనీ, సూది ఆ అడ్డు తొలగిస్తుందనీ దాని నమ్మకం. కాలువల పక్కన పుట్టిన మనకి ఈ మాట వినగానే నచ్చేస్తుంది. లొల్ల లాకులు ఎత్తితే నీళ్ళు పారినట్టే కదా అనిపిస్తుంది. కానీ ఒళ్ళు కోసి చూస్తే ఆ దారులు కనిపించవు.

మన దేశానికి ఇది వచ్చిన కథ ఆసక్తిగా ఉంటుంది. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి మన కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లని పంపింది. అందులో ఒకరు షోలాపూర్‌కి చెందిన ద్వారకానాథ్ కోట్నిస్. మన పద్మశాలీ కుటుంబాలు మగ్గాల కోసం వలసపోయి స్థిరపడిన షోలాపూరే అది. కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయన మీద శాంతారాం 1946లో సినిమా తీశారు. ఆ జట్టులోనే ఉన్న కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, తిరిగొచ్చి మన దేశంలో మొదలెట్టారు. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దీన్నో ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది.

గుర్తింపు సరే, ఫలితం మాటేంటి? నాకు బాగా నచ్చిన పరీక్ష జర్మనీలో జరిగింది. 2007లో ఫలితాలు వచ్చాయి. దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి అసలైన ఆక్యుపంక్చర్. రెండో గుంపుకి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, అంటే ఆ పాయింట్లు కాని చోట్ల పైపైన గుచ్చడం. మూడో గుంపుకి మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే, అసలు సూదుల వాళ్ళలో నూటికి సుమారు 48 మందికి నయమనిపించింది. ఉత్తుత్తి సూదుల వాళ్ళలో 44 మందికి. మామూలు చికిత్స వాళ్ళలో 27 మందికే.

ఈ మూడు అంకెలు నిదానంగా చూడండి. సూదులు వేయించుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగున్నారు. కాబట్టి "అంతా మోసం" అనేయలేం. కానీ ఎక్కడ గుచ్చినా దాదాపు అంతే ఫలితం. కాబట్టి "ఆ పాయింటులోనే మహత్యం ఉంది" అని కూడా అనలేం. తర్వాత 2018లో ఇలాంటి పరీక్షలు 39 తీసుకుని, దాదాపు 21 వేల మంది వివరాలు కలిపి లెక్క కట్టారు. అందులోనూ ఇదే తీరు. నడుం, మెడ, భుజం, మోకాలు, తలనొప్పుల్లో సూది వేయించుకోని వాళ్ళ కంటే వేయించుకున్నవాళ్ళకి చెప్పుకోదగ్గ మేలు. ఉత్తుత్తి సూదితో పోలిస్తే తేడా ఉంది, కానీ చిన్నది.

అందుకే పెద్ద సంస్థలే ఊగిసలాడుతున్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ వద్దంది. 2021లో మాత్రం, వేరే కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి ఒక కోర్సు ఇచ్చి చూడొచ్చంది.

మరి ఒంట్లో జరిగేదేంటి? గుచ్చినప్పుడు నాడులు ఉలిక్కిపడతాయి. మెదడు తన సొంత నొప్పి మందు ఎండార్ఫిన్లని వదులుతుంది. 2010లో ఎలుకల మీద చేసిన ఓ ప్రయోగంలో, సూది దిగిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి అక్కడి నొప్పి కబుర్లని తగ్గించినట్టు చూశారు. దీనికి తోడు ఇరవై నిమిషాల విశ్రాంతి, ఒకళ్ళు మన నొప్పిని పట్టించుకున్నారన్న ధైర్యం. ఇవి కూడా మందే. ఫిజియోథెరపిస్టులు చేసే డ్రై నీడ్లింగ్‌లో సూది ఇదే. కాకపోతే వాళ్ళు 'చీ' దారులు చూడరు, నేరుగా కండరం ముడిలోకి దించుతారు.

మొత్తానికి నాకర్థమైంది ఇదీ. సూది నొప్పి గొంతు తగ్గిస్తుంది. ఆ నొప్పి ఎందుకు అరుస్తోందో మాత్రం అడగదు. అది మనం అడగాలి.

సూది డబ్బా తియ్యని ఆవిడ

సంక్రాంతి వెళ్ళాక ఓ ఫ్రెండ్ చెబితే అమ్మని రాజమండ్రి తీసుకెళ్ళాను. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటుతుంటే బండి వెనక అమ్మ ప్రతి కుదుపుకీ "అబ్బా" అంటోంది. ఆవిడ ఫిజియోథెరపిస్టు, సూదులు కూడా వేస్తారు. నేను కూర్చోగానే మా సిట్టింగుల చరిత్రంతా చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"చెయ్యి వదులుగా వదిలెయ్యండమ్మా. మీరు లేపొద్దు, నేనే లేపుతాను" అన్నారు.

లేపారు. సగంలో ఆగిపోయింది. మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పబోయారు. తలుపుకి గడియ పెట్టినట్టు అస్సలు కదల్లేదు.

"కండరం నొప్పైతే మీరు లేపలేకపోయినా నేను లేపితే చాలావరకు వస్తుందండీ. ఇది నేను లేపినా రావట్లేదు. కండరం కాదు, కీలు. షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?"

అమ్మ నా వంక చూసింది. "నాకు షుగరేంటండీ, మా ఇంట్లో ఎవరికీ లేదు" అంది.

"దాహం ఎక్కువేస్తోందా?"

"పొద్దస్తమానం మంట దగ్గర కూర్చుంటే దాహం వెయ్యదా అండీ" అంది అమ్మ.

ఆవిడ సూది డబ్బా తియ్యనే లేదు. రక్త పరీక్షలు రాయించుకుని ఎముకల డాక్టర్ని కలవమన్నారు. మూణ్ణెల్ల సగటు షుగర్ 9.4 వచ్చింది. 6.5 దాటితే షుగర్ జబ్బే. రాత్రిళ్ళు రెండుసార్లు లేవడం, దాహం, నీరసం, అన్నీ ఉన్నాయి. అన్నిటినీ మంట మీదకి, వయసు మీదకి నెట్టేశాం.

భుజానిది ఫ్రోజెన్ షోల్డర్. భుజం కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొర వాచి, దళసరై, బిగుసుకుపోతుంది. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వస్తుంది. ఆడవాళ్ళలో ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా వదలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. షుగర్ అదుపు, రోజూ వ్యాయామం, అవసరమైతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్. ఆ ఇంజక్షన్ కొన్ని రోజులు షుగర్ పెంచుతుంది కాబట్టి చూసుకుంటూ ఇస్తారు.

బండి మీద తిరిగొస్తుంటే ఇద్దరం మాట్లాడుకోలేదు. బ్యారేజీ సగం దాటాక అమ్మే అంది. "పోన్లేరా. నీ మెడ అన్నా బాగయ్యింది కదా."

ఆ మాటకంటే తిట్టుంటే బాగుండేది.

రెక్కాడితే గాని

చెయ్యికి రెస్ట్ ఇవ్వమన్నారు. చెప్పడం తేలిక. రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెత మా వీధిలో సామెత కాదు, లెక్కల పుస్తకం. నా జీతం ఉంది కదమ్మా అంటే వినదు. "నీ జీతం నీదిరా. నా చేతి డబ్బులు నావి" అంటుంది. అందులో న్యాయం లేకపోలేదు.

చివరికి పిన్నితో బేరం కుదిరింది. రేకులు తియ్యడం పిన్ని, నెయ్యి రాసి పంచదార చల్లి మడతపెట్టడం అమ్మ. ఆ పని చెయ్యి భుజం కంటే కిందే ఉంచి చేసుకోవచ్చు. పిన్నికి కూడా ముందే జాగ్రత్త పడ్డాం. పీట ఎత్తు పెంచి, కుండని దగ్గరికి జరిపాం. చాచి లాగితే భుజం మీద పడే భారం, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచి లాగితే చాలా తగ్గుతుంది. ప్రతి అరగంటకీ లేచి నాలుగడుగులు. ఫోన్లో అలారం పెట్టింది నేనే. మొదట్లో అలారం మోగితే ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవాళ్ళు.

అమ్మ వ్యాయామాలు మూడు. ముందుకి వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం. గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. తువ్వాలు వీపు వెనక పట్టుకుని మంచి చేత్తో మెల్లగా పైకి లాగడం. గోడ మీద ప్రతి వారం పెన్సిల్‌తో గీత పెట్టాను. చిన్నప్పుడు అదే గోడ మీద నా ఎత్తు గీతలు పెట్టింది అమ్మ. నొప్పి వల్ల వ్యాయామం సాగని వారాల్లో రాజమండ్రి ఆవిడ కొన్ని సిట్టింగులు సూదులు వేశారు. అప్పుడు ఉపయోగపడ్డాయి. అదే సూది, కాకపోతే ఈసారి దేనికి వేస్తున్నారో తెలిసి వేశారు.

నా సంగతికొస్తే, సూదులతో తిరిగిన మెడ నెలన్నరకే మళ్ళీ పట్టేసింది. కుట్టుమిషన్ అదే, కుర్చీ అదే, వంగడం అదే. ఎర్రర్ మెసేజ్ మ్యూట్ చేశానంతే, బగ్ అలాగే ఉంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ కింద మూడు ఇంజినీరింగ్ పుస్తకాలున్నాయి. స్క్రీన్ పైఅంచు కళ్ళకి ఎదురుగా వచ్చింది. కీబోర్డు విడిగా కొన్నాను. కాల్స్ నడుస్తూ మాట్లాడతాను. బీటెక్ పుస్తకాలు నా కెరీర్‌లో ఇంతగా ఉపయోగపడటం ఇదే మొదలు.

సూదికి వెళ్ళే ముందు

వెళ్ళొద్దని చెప్పను. నేనూ మళ్ళీ వెళ్తానేమో. కానీ ఇవి చూసుకోండి.

ముందు నొప్పి ఏంటో తేలాలి. మీరు లేపలేకపోయినా ఎదుటివాళ్ళు లేపితే చెయ్యి వస్తోందా? మూడు నాలుగు వారాలు దాటినా తగ్గలేదా? అయితే డాక్టర్‌కి చూపించాక మిగతావి.

సూది ప్యాకెట్ మీ కళ్ళముందే చించాలి. ఒకసారి వాడి పారేసేదే కావాలి. ఒకరికి వాడింది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ లాంటివి అంటుకుంటాయి.

భుజం పైన, ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా దించితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. అరుదే, కానీ జరుగుతుంది. సిట్టింగు తర్వాత ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి. కాబట్టి శరీర నిర్మాణం తెలిసినవాళ్ళ చేతే వేయించుకోండి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కరెంటు పెట్టే సూదుల జోలికి పోవద్దు.

"మాత్రలు మానేయండి, సూది చాలు" అన్నవాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఇక కొన్ని నొప్పులకి బామూ వద్దు, సూదీ వద్దు, ఆలస్యమే వద్దు. ఎడమ చెయ్యి, దవడ, ఛాతీ పట్టేసి చెమటలు పడితే గుండె కావచ్చు. విపరీతంగా వ్యాయామం చేశాక కండరాలు వాచి, మూత్రం కాఫీ రంగులో వస్తే కిడ్నీలకి ముప్పు. చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, ఒక్క పిక్కే వాచి వేడిగా ఉన్నా అదే రోజు చూపించాలి.

గోడ మీద గీత

మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున్నే స్టాండప్ కాల్‌లో ఉన్నాను. పుస్తకాల మీద నుంచి తలెత్తితే ఎదురుగా అద్దం ముందు అమ్మ. కుడి చెయ్యి మెల్లగా లేపుతోంది. ఒక పక్కకి వంగి, పళ్ళ బిగువున, రెండు చేతులూ వెనక్కి తీసుకెళ్ళి ముడేసుకుంది. ఒంకరగానే ఉంది. షుగర్ ఏడుకి దగ్గరగా వచ్చింది. గోడ మీద గీత మొదటిదానికి జానెడు పైన ఉంది. నా కంటి ఎత్తుకి రావడానికి ఇంకో జానెడు ఉంది.

"మ్యూట్‌లో ఉన్నావు" అంటున్నారు కాల్‌లో ఎవరో.

"ఒరేయ్, ఈ పూలు మాత్రం నువ్వే పెట్టు" అంది అమ్మ.

కెమెరా ఆపి లేచాను. ఎలాగూ అరగంట అలారం కూడా మోగుతోంది.